యజమాని లేని గెలుపు

తొంభైల నుంచి 2010 దాకా మెక్సికోలో ఐదువందల పెసోల నోటు మీద ఒక కళ్ళజోడు మనిషి బొమ్మ ఉండేది. చిన్న చిన్న అద్దాలు, నున్నటి మొహం, సైనిక కోటు. ఆ కోటొక్కటి తీసేస్తే జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారే. పేరు ఇగ్నాసియో సరగోసా. 1862 మే 5న ప్వెబ్లా నగరం అంచున, ఆనాటి ప్రపంచంలో మేటి అని పేరుపడ్డ ఫ్రెంచి సైన్యాన్ని వెనక్కి తిప్పి పంపిన జనరల్. అమెరికాలో ఏటా సింకో ద మాయో పేరుతో బార్లు కిటకిటలాడేది ఆ గెలుపు తారీఖునే. గ్లాసులు ఎత్తేవాళ్ళలో ఈ కళ్ళజోడాయన్ని పోల్చగలిగేవాళ్ళు ఎందరన్నది అడక్కపోవడమే మర్యాద.

చాలామంది అది మెక్సికో స్వాతంత్ర్య దినం అనుకుంటారు. కాదు. దానికి సెప్టెంబర్ 16 ఉంది. 1810లో దోలోరెస్ అనే ఊళ్ళో మిగెల్ ఇదాల్గో అనే ఫాదరీ చర్చి గంట మోగించి జనాన్ని స్పెయిన్ మీదికి లేపిన రోజు అది. మే ఐదు అందుకు అర్ధ శతాబ్దం తర్వాతి మాట. పైగా అది యుద్ధం గెలిచిన రోజు కూడా కాదు, ఒక పూట గెలిచిన రోజు. ఏడాది తిరిగేసరికి అదే ఊరు అదే శత్రువు చేతికి పోయింది. అసలు గెలుపు ఐదేళ్ళకు గానీ రాలేదు. ఆ అసలు గెలుపు తేదీలు చరిత్ర పుస్తకాల్లో పడి ఉన్నాయి. ఈ పూట గెలుపు మాత్రం దేశాలు దాటి తిరుగుతోంది. ఎందుకు?

కథ అప్పు దగ్గర మొదలైంది. 1858 నుంచి మూడేళ్ళు మెక్సికోలో ఉదారవాదులకూ సంప్రదాయవాదులకూ అంతర్యుద్ధం నడిచింది. ఒకవైపు చర్చి ఆస్తులకూ సైనికాధికారుల ప్రత్యేక హక్కులకూ కళ్ళెం వెయ్యాలనేవాళ్ళు, మరోవైపు అవి పోతే దేశమే పోతుందనేవాళ్ళు. ఉదారవాదులు గెలిచారు. ఓహాకా కొండల్లో, సపోతెక్ తెగలో పుట్టిన బెనీతో హ్వారెజ్ అధ్యక్షుడిగా రాజధానికి తిరిగొచ్చి ఖజానా తెరిస్తే లోపల ఏమీ లేదు. జీతాలకే గతి లేని చోట వడ్డీలెక్కడ కట్టేది! 1861 జులై 17న, విదేశీ అప్పుల చెల్లింపు రెండేళ్ళు ఆపుతున్నామని ప్రకటించాడు. ఎగవేస్తామనలేదు, గడువడిగాడు. బ్రిటన్, ఫ్రాన్స్, స్పెయిన్ కలిసి లండన్‌లో ఒప్పందం రాసుకుని యుద్ధనౌకలతో వేరాక్రూజ్ రేవులో దిగాయి. ఇంటి ముందు బాజా పెట్టి అప్పు వసూలు చెయ్యడం అప్పట్లో అంతర్జాతీయ మర్యాదే మరి.

కొన్నాళ్ళకే ఫ్రెంచివాళ్ళు వచ్చింది అప్పు కోసం కాదని మిగతా ఇద్దరికీ అర్థమైంది. ఉత్తర అమెరికాలో తమ చెప్పుచేతల్లో ఉండే ఒక కతోలిక రాజ్యం నిలబెట్టాలని ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ఆశ. అమెరికా వాళ్ళు తమలో తాము కొట్టుకుంటున్నారు కాబట్టి అడ్డొచ్చేవాళ్ళు లేరు. 1862 ఏప్రిల్లో బ్రిటన్, స్పెయిన్ తమ సేనల్ని తీసుకుని వెళ్ళిపోయాయి. ఫ్రెంచి జనరల్ లోరెన్సే సుమారు ఆరువేల మందితో కొండదారి పట్టాడు. ప్వెబ్లా చేరకముందే పారిస్‌లోని యుద్ధమంత్రికి ఉత్తరం రాశాడు. జాతిలోనూ, క్రమశిక్షణలోనూ, నీతిలోనూ మనం వీళ్ళకంటే ఎంతో పై మెట్టులో ఉన్నాం, ఈ ఆరువేల మందితో ఇప్పుడే నేను మెక్సికోకి యజమానిని అని దాని సారాంశం. యుద్ధానికి ముందు రాసే ఉత్తరాలు యుద్ధం తర్వాత పోస్టు చేస్తే ఎంతమంది సేనాపతుల పరువు దక్కేదో.

అవతల మెక్సికో వైపు దినదినగండం. మార్చి 6న సాన్ ఆంద్రెస్ చాల్చికోములా అనే ఊళ్ళో మందుగుండు అంటుకుని, ఓహాకా నుంచి వచ్చిన సైనికులు వెయ్యిమందికి పైగా కాలిపోయారు. వాళ్ళతోపాటు వంటా వార్పూ చూసే ఆడవాళ్ళు కూడా. తూటా పేలకముందే ఒక దళానికి దళం పోయింది. మిగిలిన అరకొర సైన్యంతో, చాలామందికి సరైన బూట్లు లేని సైన్యంతో, ముప్ఫై మూడేళ్ళ సరగోసా ప్వెబ్లాలో నిలబడ్డాడు. ఊరికి ఉత్తరాన గుట్ట, గుట్ట మీద లొరేతో, గ్వాదలూపె అని రెండు కోటలు. అన్నిటికంటే గట్టిగా కాపలా ఉన్న చోటు అదే. ఫ్రెంచి పక్షాన చేరిన మెక్సికన్ పెద్దలు, ఊరి అవతలి వైపు నుంచి రమ్మని లోరెన్సేకి చెప్పి చూశారు. యజమానికి సలహాలేమిటి? నేరుగా గుట్ట మీదికే పంపాడు.

మొదట దూరం నుంచి ఫిరంగులు కాల్చి గుళ్ళు సగం ఖర్చు చేసుకున్నారు. కోటలు చెక్కుచెదరలేదు. తర్వాత ఎర్ర పంట్లాల ఫ్రెంచి జువావ్ దళాలు గుట్ట ఎక్కడం, కింద పడడం, మళ్ళీ ఎక్కడం. పైన కోటల్ని కాసేది మిగెల్ నెగ్రేతే. మొన్నటి అంతర్యుద్ధంలో హ్వారెజ్‌కి ఎదురు నిలిచిన మనిషి, పరాయి సైన్యం దిగేసరికి పాత పగ పక్కన పెట్టి వచ్చాడు. ఆయన కింద సియెర్రా కొండల నుంచి దిగివచ్చిన నహువా రైతులు. జకపోవాష్త్లాలని ఇవాళ పాఠ్యపుస్తకాలన్నీ పిలిచేది వాళ్ళనే. నిజానికి అందులో ఎక్కువమంది తెతేలా, షోచియాపుల్కో ఊళ్ళవాళ్ళని, పేరు మాత్రం పక్క ఊరికి పోయిందని ఆ కొండల్లో ఇప్పటికీ తగవు. మూడోసారి ఎక్కబోయేసరికి మధ్యాహ్నపు వాన వడగళ్ళతో విరుచుకుపడింది. గుట్ట మొత్తం జారుడుబల్ల. మైదానంలో పోర్ఫిరియో దియాజ్ అనే యువ అధికారి తన దళంతో ఫ్రెంచివాళ్ళని తరుముకుంటూ పోయి, ఇక చాలు వెనక్కి రమ్మంటే ఒక పట్టాన రాలేదు. సాయంత్రానికి సరగోసా రాజధానికి తంతి కొట్టాడు, దేశ సైన్యం కీర్తితో వెలిగిందని. మెక్సికో పక్షాన చనిపోయినవాళ్ళు వంద లోపే. ఫ్రెంచివాళ్ళు అంతకంటే ఎక్కువే.

సరిగ్గా నాలుగు రోజులకు, మే 9న, అదే సరగోసా ఇంకో తంతి ఇచ్చాడు. పండగ ఉపన్యాసాల్లో ఇది వినబడదు. ఈ ప్వెబ్లాను తగలబెట్టేస్తే బాగుణ్ణు, మే ఐదున జరిగినదానికి ఊరంతా సంతాపంలో ఉంది అని అందులోని బాధ. ప్వెబ్లా చర్చి గంటల నగరం, సంప్రదాయవాదుల కంచుకోట. హ్వారెజ్ గెలవడం కంటే ఫ్రెంచివాళ్ళు గెలవడమే అక్కడి పెద్దమనుషులకు నయమనిపించింది. సైనికుల తిండి కోసం డబ్బు అడిగితే చేతులు ముడుచుకున్న ఊరది. కోపంలో అన్న మాటే అయినా ఊరికే పుట్టిన కోపం కాదు. సెప్టెంబర్ 8న ఆయన విషజ్వరంతో చనిపోయాడు, ఆ ప్వెబ్లాలోనే. మూడు రోజుల తర్వాత హ్వారెజ్ ఉత్తర్వు వేసి ఊరికి ప్వెబ్లా ద సరగోసా అని పేరు పెట్టాడు. కాల్చేయాలనిపించిన ఊరికి తన పేరే వచ్చిందన్న సంగతి తెలుసుకోవడానికి మనిషి లేడు.

ఆయన జీవితమంతా అదే వరస. 1857లో పెళ్ళి ముహూర్తానికి సైనిక విధుల్లో చిక్కుకుపోతే, వరుడి స్థానంలో సోదరుడు మిగెల్ నిలబడి తంతు పూర్తి చేశాడు. 1862 జనవరిలో భార్య రఫాయేలా రాజధానిలో కన్నుమూసినప్పుడు ఆయన సేనల దగ్గర ఉన్నాడు. పుట్టిన ఊరు కూడా దక్కలేదు. 1829లో ఆయన పుట్టినప్పుడు మెక్సికోలో ఉన్న ఆ ఊరు తర్వాత టెక్సస్‌తో పాటు అమెరికాకి పోయింది. ఇవాళ దాని పేరు గోలియాడ్. ఇక తన గెలుపుకి వచ్చిన పండగ మొదటి ఏడు తిరిగేసరికి మనిషే లేడు.

సింకో ద మాయో బతికి బట్టకట్టడానికి కారణం ఈ గైరుహాజరేనని నాకనిపిస్తుంది.

1863 వసంతంలో ఫ్రెంచివాళ్ళు ఈసారి ఐదింతల బలగంతో వచ్చారు. రెండు నెలలు ముట్టడి. తిండి అయిపోయి, మందుగుండు అయిపోయి, తుపాకులు తమ చేతులతో తామే విరగ్గొట్టి ప్వెబ్లా లొంగిపోయింది. తర్వాత రాజధాని పోయింది. 1864లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ చక్రవర్తిగా దిగాడు. హ్వారెజ్ ప్రభుత్వాన్ని గుర్రపు బగ్గీలో వేసుకుని ఉత్తరాన ఎడారుల వెంట తిరిగాడు. చివరికి అమెరికాలో అంతర్యుద్ధం ముగిసింది, ఫ్రెంచి సేనలు ఓడలెక్కాయి, 1867 ఏప్రిల్ 2న పోర్ఫిరియో దియాజ్ ప్వెబ్లాను తిరిగి గెలిచాడు. జూన్ 19న కెరెతారోలో చక్రవర్తిని తుపాకులకు ఎదురుగా నిలబెట్టారు. లెక్క ప్రకారం పండగ చేసుకోవలసిన రోజులు ఇవి.

చేసుకోలేదా అంటే, చేసుకున్నారు. దియాజ్ చేతిలో ముప్ఫై ఏళ్ళకు పైగా అధికారం ఉన్న కాలంలో ఏప్రిల్ 2 మహా వేడుక. సైనిక కవాతులు, తోరణాలు, దొరగారి గుర్రం. మే ఐదు కూడా జరిగేది, ఎందుకంటే అక్కడా ఆయన ఉన్నాడుగా. 1911లో విప్లవం ఆయన్ని ఓడెక్కించి పారిస్ పంపింది. ఏప్రిల్ 2 కూడా ఆ ఓడలోనే వెళ్ళిపోయింది. రాజధానిలో ఆ తేదీ పేరుతో ఒక సందు మిగిలింది. గెలిచినవాడు మరీ ఎక్కువకాలం బతికితే గెలుపుకి అదో రోగం. ఆయన చేసిన తప్పులన్నీ ఆ తేదీకి అంటుకుంటాయి. ముప్ఫై మూడేళ్ళకే పోయిన కళ్ళజోడు మనిషికి పార్టీ లేదు, రాజకీయ వారసులు లేరు, ఎన్నికలు లేవు, నియంతృత్వం లేదు. ఆయన గెలుపు ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. ఎత్తుకుపోయారు కూడా.

అందరికంటే ముందు ఎత్తుకున్నది కాలిఫోర్నియాలోని మెక్సికన్లు. ఈ సంగతి వెలికితీసినాయన చరిత్రకారుడు కూడా కాదు. లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ హేయస్ బౌతిస్తా. పాతకాలపు స్పానిష్ పత్రికలు తిరగేస్తుంటే ఆయనకు ఈ పండగ మూలం దొరికింది. 1862 మే నెలాఖరున టువాలమీ కౌంటీలోని కొలంబియా అనే బంగారు గనుల ఊళ్ళో, ప్వెబ్లా వార్త ఉన్న పత్రిక రాగానే మెక్సికన్ గని కూలీలు ఉన్నపళాన పండగ చేసేశారు. తుపాకులు గాల్లోకి పేల్చారు, పాటలు పాడారు, అప్పటికప్పుడు ఉపన్యాసాలు దంచారు. వాళ్ళ మనసులో అప్పుడు రెండు యుద్ధాలు ఒకటే. ఇక్కడ బానిసత్వం కోసం పోరాడే దక్షిణాది సేన, అక్కడ దాని మీద చల్లని చూపున్న ఫ్రెంచి చక్రవర్తి. ఉత్తరాది సేనలు ఇంకా తడబడుతున్న రోజుల్లో, స్వేచ్ఛ పక్షానికి ఎక్కడో ఒకచోట గెలుపు కావాలి. ప్వెబ్లా దొరికింది. ఊరూరా దేశభక్త సంఘాలు పెట్టుకున్నారు, నెలనెలా చందా పోగేసి హ్వారెజ్ సైన్యానికి పంపారు. మరుసటి ఏడు మే ఐదున లాస్ ఏంజలెస్‌లో పండగ జరిగింది. పన్నెండు రోజులకు ప్వెబ్లా లొంగిపోయింది. అయినా పండగ ఆగలేదు. నిజానికి అప్పుడే అది ఇంకా అవసరమైంది.

ప్వెబ్లాలో ఫ్రెంచివాళ్ళు ఆగి ఉండకపోతే దక్షిణాది గెలిచేదే, అమెరికా రెండు ముక్కలయ్యేదే అని అక్కడి ఉపన్యాసకులు కొందరు ఇప్పటికీ అంటారు. అంత దూరం పోనక్కర్లేదు. ఏడాది ఆలస్యమైంది, అంతే చెప్పగలం. పరాయి గడ్డ మీద బతికేవాడికి తన దేశపు గెలుపు కాస్త పెద్దదిగా కనిపిస్తే తప్పు పట్టేదేముంది? ఉగాదికి ఊళ్ళో వేపపువ్వు కోసం పెరట్లోకి కూడా వెళ్ళని మనవాళ్ళు, కాలిఫోర్నియాలో హాలు బుక్ చేసి, పంచాంగ శ్రవణానికి మైకు పెట్టి, పచ్చడి కప్పుల్లో పోసి వరసలో నిలబెట్టి పంచుతారు.

ఆ తర్వాత చేతులు మారాయి. అరవైల్లో, డెబ్బైల్లో మెక్సికన్ సంతతి అమెరికన్ల చికానో ఉద్యమ విద్యార్థులకు ఈ రోజు నచ్చింది. చరిత్ర క్లాసుల్లో తమ ఊసే లేని చోట, ఐరోపా సామ్రాజ్యాన్ని ఆపిన కొండరైతుల కథ కంటే మంచి ఆయుధం ఏముంటుంది! ఎనభైల్లో బీరు కంపెనీలకు నచ్చింది. స్పానిష్ మాట్లాడే కొనుగోలుదారుల సంఖ్య పెరుగుతోంది, వేసవి మొదలయ్యే వేళ ఓ సందు ఖాళీగా ఉంది, పేరు పలకడానికి సులువు. పోస్టర్లు, రాయితీలు, కాగితం సొంబ్రెరో టోపీలు దిగాయి. విద్యార్థులు బానర్లు కట్టిన చోటే బీరు బానర్లు లేచాయి. 1998లో అమెరికా తపాలా శాఖ బిళ్ళ కూడా వేసింది. ఇప్పుడు అవకాడో రైతులు కూడా ఆ వారం కోసం కాచుకుని ఉంటారు.

మన కుర్రాళ్ళున్న ఆఫీసుల్లోనూ ఆ రోజు టాకో భోజనం ఉంటుంది. పొడుగాటి బల్ల మీద అల్యూమినియం ట్రేలు, వరసగా రంగు కాగితాల తోరణం. ఏ ట్రేలో గొడ్డు మాంసం ఉందో ముందు కనుక్కుని, ప్లేటు నిండా బీన్సూ అన్నమూ వేసుకుని, సల్సాలో కారం చాలదని గొణుక్కుంటూ సీట్లకు వెళతారు. పక్కన కూర్చున్న మెక్సికన్ సహోద్యోగిని శుభాకాంక్షలు అంటూ పలకరిస్తే ఆయన మొహమాటంగా నవ్వుతాడు. వాళ్ళ దేశంలో చట్టం ప్రకారం అది సెలవు రోజు కాదు. బడులు ఉండవు, బ్యాంకులూ ఆఫీసులూ మామూలే. ఆ రోజు దేశమంతటా సైనిక శిక్షణ కుర్రాళ్ళు జెండా ముందు ప్రమాణం చేస్తారు, ప్వెబ్లాలో పెద్ద ఊరేగింపు జరుగుతుంది, అంతే. ఇది అమెరికావాళ్ళు కనిపెట్టిన పండగ అని మెక్సికోలో చాలామంది కొట్టిపారేస్తారు. బీరు మాటకొస్తే నిజమే. కొలంబియా గని కూలీల మాటకొస్తే, రాజధానిలో హ్వారెజ్ పండగంటూ ప్రకటించిన నెలలోనే వాళ్ళూ మొదలెట్టారు. ఏది అసలు, ఏది నకలు అని తేల్చబోతే రెండు వైపులా నెల ఒకటే పడుతుంది.

మర్చిపోవడం గెలిచినవాళ్ళకే చేతనవుతుంది కాబోలు. ఓడినవాళ్ళ సంగతి చూడండి. ఇదే యుద్ధంలో, 1863 ఏప్రిల్ 30న, కామరోన్ అనే పల్లె దగ్గర ఫ్రెంచి విదేశీ దళం సైనికులు అరవై ఐదుగురు రెండువేల మెక్సికన్ సేన మధ్య చిక్కి, రోజంతా పోరాడి, ఇంచుమించు తుడిచిపెట్టుకు పోయారు. ఆ దళానికి ఇవాళ్టికీ అదే అన్నిటికంటే పెద్ద పండగ. వాళ్ళ కెప్టెన్ దాంజూకి అంతకు ముందే ఒక చెయ్యి పోతే కొయ్య చెయ్యి పెట్టుకున్నాడు. ఆ కొయ్య చేతిని ఫ్రాన్స్‌లోని ఓబాఞ్‌లో ఏటా బయటికి తీసి, కవాతు ముందు నడిపిస్తారు. ఓడిపోయిన రోజుకి అంత వైభవం. అంటే ఒకే యుద్ధానికి ఐదు రోజుల తేడాతో రెండు పక్షాలూ పండగ చేసుకుంటున్నాయి, ఒకరు గెలిచామని, ఒకరు ఓడినా లొంగలేదని. రెండూ యుద్ధం ఫలితాన్ని మార్చిన రోజులు కావు. 1964లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్ మెక్సికో వచ్చి, ఆ యుద్ధంలో ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయిన జెండాలు తిరిగి ఇచ్చేశాడు. కొయ్య చెయ్యి మాత్రం ఎవరూ అడగలేదు, వాళ్ళూ ఇవ్వరు.

ప్వెబ్లా దగ్గరే వెహోత్సింగో అని ఒక పట్టణం ఉంది. అక్కడ ఈ యుద్ధం ఏటా నడుస్తుంది, మే ఐదున కాదు, ఉపవాస దినాలకు ముందొచ్చే కార్నివాల్లో. ఊరి పేటలన్నీ దళాలుగా చీలతాయి. జకపోవాష్త్లాలు, కొండజాతివాళ్ళు, జువావ్‌లు, ఫ్రెంచివాళ్ళతో వచ్చిన ఉత్తర ఆఫ్రికా సైనికులకు గుర్తుగా తలపాగాల తురుష్కులు. మొహాలకు గడ్డాలు అతికించిన తోలు మాస్కులు. వేల తుపాకులు, వట్టి మందు, వీధులన్నీ పొగ. చెవుల్లో దూది పెట్టుకోకపోతే పని జరగదు. ఇందులోకి అగుస్తీన్ లొరెంజో అనే గజదొంగ అమ్మాయిని లేవదీసుకుపోయే కథ కూడా దూరింది, ఎందుకో ఎవరూ పట్టించుకోరు. జువావ్ వేషం అంటే మామూలు ఖర్చు కాదు, అయినా ఫ్రెంచి పక్షానికి మనుషుల కొరత ఉండదు.  ఎవరు గెలిచారన్నది అక్కడ పెద్ద విషయమే కాదు.

న్యూయార్క్‌లో ఉండే మెక్సికన్లలో పెద్ద భాగం ప్వెబ్లా రాష్ట్రం వాళ్ళే. వాళ్ళు ఆ నగరాన్ని ముద్దుగా ప్వెబ్లా యార్క్ అంటారు. మెక్సికన్ హోటలనే ఏముంది, ఇటాలియన్ హోటలైనా, ఫ్రెంచి హోటలైనా వంటింట్లో ఉల్లిపాయలు తరిగేవాళ్ళూ, గిన్నెలు కడిగేవాళ్ళూ చాలాచోట్ల ఆ జిల్లాల మనుషులే. మే ఐదు సాయంత్రం బయట బల్లలన్నీ నిండిపోతాయి. ఆ పూటకి సెలవు అడిగితే మేనేజరు ఇవ్వడు.